జపాన్ సునామీ ఊళ్ళు చూసొచ్చాక: నేర్చుకున్నది మన బడిలో, మన ఊళ్ళో చెప్పడం ఎలా

2011లో సునామీ ముంచిన జపాన్ ఈశాన్య ప్రాంతం తోహోకు తీరాన్ని చూసొచ్చిన విద్యార్థులు బడిలో మాట్లాడే రోజు చాలాచోట్ల ఒకేలా గడుస్తుంది. అరవై ఫొటోలు, ఒక వీడియో, కూలిన బడి గోడలు, ఒంటరిగా మిగిలిన పైన్ చెట్టు, చివర చప్పట్లు. వింటున్న పిల్లల కళ్ళు చెమరుస్తాయి. బయటికి వస్తున్న పిల్లల్లో ఒకరిని ఆపి, "సముద్రం మీదికొస్తే నువ్వు ఎటు వెళ్తావు? ఎన్ని నిమిషాల్లో చేరతావు?" అని అడగండి. జవాబు రాదు. ఆ జవాబు వచ్చేలా చెప్పడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాం.

2011 మార్చి 11 శుక్రవారం, జపాన్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు 15,900 మంది చనిపోయారు. మరో 2,500 మంది ఆచూకీ ఇప్పటికీ తెలియదు. చనిపోయినవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి పైగా నీటిలో మునిగిపోయినవాళ్ళే. కంపనానికీ సునామీ నీటికీ మధ్య, కొండలున్న సన్‌రికు తీరంలో చాలాచోట్ల అరగంట, చదునుగా ఉండే సెందై మైదానంలో గంటకు పైగా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో ఎవరికి ఏం తెలుసు, ఏం నిర్ణయించారు, ఎటు నడిచారు అన్నదే మీరు అక్కడినుంచి మోసుకు రావలసిన సరుకు. శిథిలాల ఫొటోలు ఎవరికైనా దొరుకుతాయి.

నోట్సు ఆ రాత్రే రాయాలి

పర్యటనలో రోజుకు రెండు మూడు చోట్లు తిప్పుతారు. సెందైలో అరహామా బడి, కెసెన్నుమలో కోయో హైస్కూలు, నమియెలో ఉకెదొ బడి, మూడూ నీళ్ళు దూరిన బడులే. మూడో రోజుకు ఏ కథ ఏ బడిదో కలిసిపోతుంది. అందుకే ఒక్కో చోటికి ఒక పేజీ పెట్టుకుని, బస చేరగానే ఐదు విషయాలు నింపండి. సముద్రం నుంచి ఎంత దూరం, నేల ఎంత ఎత్తు అన్నది మొదటిది. నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చాయి అన్నది రెండోది. ఆ క్షణానికి అక్కడివాళ్ళకు ఏం తెలుసు అన్నది మూడోది. మనకు ఇప్పుడు తెలిసింది కాదు, వాళ్ళకు అప్పుడు తెలిసింది. వాళ్ళు ఏం చేశారు అన్నది నాలుగోది. ఇది మీకు ఎవరు చెప్పారు, బయట చెప్పడానికి ఒప్పుకున్నారా అన్నది ఐదోది. మూడో గడి ఖాళీగా ఉంటే మర్నాడు బస్సెక్కకముందే గైడును అడిగి నింపుకోండి. ఇంటికొచ్చాక ఆ గడి నిండదు.

అంకెల దగ్గర తప్పులు ఎక్కువ. "ఇక్కడ సునామీ 10 మీటర్లు" అని ఎవరైనా అంటే, ఏ 10 మీటర్లని అడగాలి. తీరం దగ్గర అల ఎత్తు ఒకటి. ఒక ఇంటి దగ్గర నేల మీద నిలిచిన నీటి లోతు ఇంకొకటి. కొండవాలు మీదికి ఎగబాకి నీరు ఆగిన చోటు, సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తన్నది మూడోది. మియాకొ నగరం పరిధిలోని అనెయొషి లోయలో నీరు దాదాపు 40 మీటర్ల ఎత్తుదాకా పాకింది. అది మూడో రకం కొలత. దాన్ని "40 మీటర్ల అల" అని చెప్పారంటే, వినేవాళ్ళు పదమూడు అంతస్తుల నీటిగోడను ఊహించుకుని, దాన్నుంచి ఎవరు తప్పించుకుంటారులే అనుకుంటారు. తప్పించుకోలేం అనుకున్నవాళ్ళు దారి వెతకరు. ఈ తప్పుకు అంత ఖరీదుంది.

అంతస్తుల లెక్క కూడా వేరు. జపాన్‌లో నేల అంతస్తే ఒకటో అంతస్తు. అరహామా బడిలో నీరు "రెండో అంతస్తు"దాకా వచ్చిందని అక్కడ చెప్పేది మన లెక్కలో ఫస్ట్ ఫ్లోర్. కోయో హైస్కూల్లో నీరు చేరిన "నాలుగో అంతస్తు" మన థర్డ్ ఫ్లోర్. మార్చకుండా చెబితే మన పిల్లలు ఒక అంతస్తు ఎక్కువగా ఊహించుకుంటారు. సమయం కూడా మార్చి చెప్పండి. అక్కడి 2:46 మన గడియారంలో ఉదయం 11:16, అంటే బడి నడిచే వేళ. మార్చి 11న ఒక నిమిషం మౌనం పాటించాలనుకుంటే ఆ సమయానికే పాటించవచ్చు.

చెప్పినవాళ్ళ మాటను ఎలా తేవాలి

ఆ తీరంలో జరిగింది చెప్పేవాళ్ళను కతారిబె అంటారు. చాలామంది ఇంట్లోవాళ్ళనో ఇరుగుపొరుగునో పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళు మాట్లాడుతుంటే ఫోను ఎత్తకండి. రికార్డు కావాలంటే మొదలయ్యే ముందే, బృందం తరఫున ఒక్కరే అడగాలి. "మీకెలా అనిపించింది?" అన్న ప్రశ్న వద్దు. దానికి వాళ్ళు ఏళ్ళ తరబడి జవాబిచ్చారు, అడిగిన ప్రతిసారీ గాయం కదులుతుంది. "ఆ రోజు మీరు మొదట ఎవరి మాట విన్నారు?", "ఆ దారే ఎందుకు పట్టారు?", "మళ్ళీ ఆ రోజే వస్తే ఏం మార్చుకుంటారు?" వంటివి అడగండి. వీటికి వచ్చే జవాబు మీ ఊరికి పనికొస్తుంది.

ఇషినోమాకిలోని ఒకావా ప్రాథమిక పాఠశాల శిథిలాల దగ్గర సెల్ఫీలు, గుంపు ఫొటోలు వద్దే వద్దు. చూడవచ్చేవాళ్ళకు అది ప్రదర్శనశాల కావచ్చు, అక్కడి తల్లిదండ్రులకు అది తమ పిల్లలు ఆఖరిసారి నిలబడిన చోటు.

మాట జపనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి, అక్కడినుంచి తెలుగులోకి వస్తుంది. రెండుసార్లు గింజ మారితే పొల్లు చేరుతుంది. కాబట్టి మూడు నాలుగు కీలకమైన మాటలను జపనీస్‌లోనే రాయించుకుని, వాటి అర్థం వివరంగా చెప్పించుకోండి. అందులో ముఖ్యమైనది "తెన్‌దెన్‌కో". సునామీ అంటే ఎవరికి వారు పరుగెత్తాలి, ఇంకొకరి కోసం ఆగకూడదు అని సన్‌రికు తీరంలో తరతరాలుగా వస్తున్న అనుభవసారం అది. దీన్ని మనవాళ్ళు తెలుగులో "ఎవరికి వారే" అని అనువదించేస్తారు. వినేవాడి చెవిలో వెంటనే "ఎవరికి వారే యమునా తీరే" మోగుతుంది. స్వార్థం, పట్టించుకోకపోవడం అన్న అర్థం వచ్చేసి, "మా నాయనమ్మను వదిలేసి పొమ్మంటారా?" అని ఎవరో ఒకరు లేస్తారు. లేవాలి కూడా.

అసలు సంగతి ఏమంటే, 1896 జూన్‌లో వచ్చిన సునామీకి ఆ తీరంలో దాదాపు 22,000 మంది పోయారు. ఒకరి కోసం ఒకరు వెనక్కి వెళ్ళి కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ దుఃఖంలోంచి వచ్చిన మాట ఇది. ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నప్పుడే దీనికి అర్థం ఉంటుంది: నువ్వు బడినుంచి నేరుగా గట్టెక్కుతావని నాకు తెలుసు, అందుకే నీ కోసం బడికి రాను, నేను కూడా గట్టెక్కుతానని నీకు తెలుసు, అందుకే నా కోసం ఇంటికి రావద్దు, గట్టు మీద కలుద్దాం. నడవలేని నాయనమ్మను ఎవరు తీసుకెళ్ళాలో కూడా ఆ మాటల్లోనే తేలాలి, ఆ రోజు కాదు. "గట్టెక్కడం" అన్న మన నుడికారం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. దాన్నే వాడండి.

ఇంకో మాట, ఉప్పెన. దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చింది ఉప్పెన. తుఫాను గాలి సముద్రాన్ని నేల మీదికి నెట్టింది. దానికి ముందు ఆకాశం, గాలి, వాన హెచ్చరిస్తాయి. సునామీకి ఆకాశంతో సంబంధం లేదు. సముద్రం అడుగున నేల కదిలితే వస్తుంది, ఎండ కాసే పొద్దున కూడా వస్తుంది. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం మన తీరానికి అలాగే వచ్చింది. సభలో ఈ తేడాను మొదటి ఐదు నిమిషాల్లో చెప్పకపోతే, పెద్దవాళ్ళు మీరు చెప్పేదంతా తుఫాను లెక్కలోకి వేసుకుని "మాకు తెలుసులే" అనుకుంటారు.

ఏ కథలు చెప్పాలి

అన్నీ చెప్పకండి. మూడు చాలు. అందులో రెండు ఒకే ఊరివి కావడం ముఖ్యం.

ఇవాతె రాష్ట్రంలో కమైషి. అక్కడి ఉనొసుమయి వాడలో మిడిల్ స్కూలు, ప్రాథమిక పాఠశాల పక్కపక్కనే ఉండేవి. రెండూ అధికారిక ముప్పు పటంలో మునిగే ప్రాంతానికి బయటే ఉన్నాయి. అయినా కంపనం ఆగీ ఆగగానే పెద్ద పిల్లలు పరుగందుకున్నారు. తమ బడి మూడో అంతస్తుకు, అంటే మన సెకండ్ ఫ్లోర్‌కు, చేరిన చిన్న పిల్లలు వాళ్ళను చూసి దిగి వెంట నడిచారు. ముందే అనుకున్న చోటికి చేరాక, దాని వెనక కొండచరియ విరిగిపడుతుండటం చూసి, ఇది చాలదని ఇంకా పైకి వెళ్ళారు. అక్కడినుంచి మళ్ళీ పైకి. కాసేపటికే మొదటి చోటు మునిగింది. ఆ రోజు కమైషి నగరంలోని దాదాపు 3,000 మంది బడిపిల్లల్లో 99.8 శాతం బతికారు.

ఇది అదాటున జరగలేదు. గున్మా విశ్వవిద్యాలయానికి చెందిన కతాదా తొషితకా అక్కడి టీచర్లతో కొన్నేళ్ళు పనిచేసి పిల్లలకు మూడు సూత్రాలు నేర్పారు. అంచనాలను నమ్మి కూర్చోవద్దు. ఆ క్షణంలో చేయగలిగినంతా చెయ్యి. అందరికంటే ముందు నువ్వు కదులు. మూడోది మనవాళ్ళకు బాగా నప్పుతుంది. మన దగ్గర కూడా ఎవరో ఒకరు లేచేదాకా ఎవరూ లేవరు. మొదట లేచినవాడు పిరికివాడు కాదని, వాడు వందమందిని లేపుతాడని చెప్పండి.

దీన్ని "కమైషి అద్భుతం" అని పత్రికలు రాశాయి. మీరు ఆ మాట వాడకండి. ఆ నగరం వెయ్యిమందికి పైగా కోల్పోయింది. అద్భుతమంటే అక్కడివాళ్ళకు బాధ. పైగా వినేవాళ్ళకు అది దేవుడు చేసిన పనిలా, మనం చేయలేని పనిలా వినిపిస్తుంది.

అదే ఉనొసుమయిలో రెండో కథ. అక్కడ కొత్తగా కట్టిన విపత్తు నివారణ కేంద్రం ఉండేది. అది సునామీ నుంచి తప్పించుకోవడానికి నిర్ణయించిన చోటు కాదు. విపత్తు అయ్యాక కొన్నాళ్ళు తలదాచుకునే చోటు. కానీ కొండ దూరం, ముసలివాళ్ళు ఎక్కలేరు, అందుకని డ్రిల్లులు అక్కడే జరిపారు. సునామీకి ఎనిమిది రోజుల ముందు, మార్చి 3న కూడా. మార్చి 11న జనం అలవాటైన చోటికే వచ్చారు. అక్కడ 160 మందికి పైగా చనిపోయారని అంచనా. తప్పు చోట చేసిన డ్రిల్లు, డ్రిల్లు లేకపోవడం కంటే ప్రమాదం. ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి అలాగే ఉంచండి.

జపనీస్‌లో ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తే చోటు "హినాన్ బషొ", తర్వాత బస చేసే చోటు "హినాన్ జొ". వినడానికి దాదాపు ఒకటే. 2013లో చట్టం సవరించి ఈ రెంటినీ స్పష్టంగా వేరు చేశారు. మన దగ్గర "పునరావాస కేంద్రం" అన్న ఒక్క మాటే రెంటికీ నడుస్తుంది. మీ ఊళ్ళో ఆ బోర్డున్న భవనం ఏ రకమో కనుక్కోవడం మీ మొదటి ఇంటిపని.

మూడోది ఒకావా. నది ఒడ్డున, సముద్రానికి దాదాపు 4 కిలోమీటర్ల లోపల ఉన్న బడి. వెనకే కొండ. పిల్లలు పుట్టగొడుగుల పెంపకం పాఠం కోసం ఆ కొండవాలు ఎక్కేవాళ్ళు. ముప్పు పటంలో బడి మునిగే ప్రాంతంలో లేదు. కంపనం తర్వాత దాదాపు 50 నిమిషాలు పిల్లలు ఆటస్థలంలోనే ఉన్నారు. ఎటు వెళ్ళాలన్నది తేలలేదు. చివరికి వంతెన దగ్గరున్న కాస్త ఎత్తు చోటికి బయలుదేరాక నదిలోంచి ఎదురొచ్చిన నీరు కమ్మేసింది. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ముందస్తు సన్నాహం బడి, నగర విద్యాశాఖల బాధ్యత అని 2018లో సెందై హైకోర్టు తీర్పిచ్చింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఈ కథ చెప్పేటప్పుడు టీచర్ల మీద తీర్పు చెప్పకండి. ప్రశ్న ఒక్కటే నిలపండి: ఆ కొండ ఎక్కాలన్న నిర్ణయం ముందే కాగితం మీద రాసి ఉంటే, ఆ 50 నిమిషాల్లో చర్చ ఉండేదా? ఇంకో జాగ్రత్త. కొన్ని బృందాలు ఒకావాను నాటికలా వేయిస్తాయి, పిల్లలను ఆటస్థలంలో నిలబెట్టి "ఇప్పుడేం చేస్తారు?" అంటాయి. చేయవద్దు. ఆ పిల్లల చావు ఆట కాకూడదు. అభ్యాసం మీ బడి పటం మీదే చేయించండి.

గోడల గురించి ఒక్క ముక్క. సన్‌రికు తీరంలోని తారొలో 10 మీటర్ల ఎత్తు, దాదాపు రెండున్నర కిలోమీటర్ల గోడ ఉండి కూడా నీరు దాటింది. ఫుదయి గ్రామంలో 15.5 మీటర్ల గేటు ఊరిని కాపాడింది. కాబట్టి గోడ దండగ అనీ చెప్పవద్దు, గోడ ఉంటే చాలు అనీ చెప్పవద్దు. తారొలో గోడ వెనక ఉన్నాం కదా అని ఆగినవాళ్ళు ఉన్నారు. ఆ భరోసా గురించే మాట్లాడండి.

ఒక పీరియడ్‌లో పాఠం

45 నిమిషాలుంటే మాటలకు 15, కార్డులకు 15, పటానికి 15. ఫొటోలు ఆరుకు మించవద్దు.

కార్డులకు పోస్టుకార్డు సైజు అట్టలు, ఐదుగురికి ఒక కట్ట. ఒక్కో కార్డు మీద ఒక సమయం, ఆ సమయానికి ఇవాతె తీరంలో ఉన్నవాళ్ళకు తెలిసింది మాత్రమే రాయండి. మొదటిది, 2:46, నేల ఊగుతోంది, ఆగడం లేదు. రెండోది, 2:49, వాతావరణ సంస్థ హెచ్చరిక: 3 మీటర్ల సునామీ. మూడోది, కరెంటు పోయింది, టీవీ లేదు. నాలుగోది, పక్కింటాయన "గోడ అంతకంటే ఎత్తుంది కదా" అంటున్నాడు. ఐదోది, 3:14, అంచనా 6 మీటర్లకు పెంచారు. ఈ కార్డును మడిచి, జట్టులో సగం మందికే ఇవ్వండి. ఆరోది, 3:20 దాటింది, కమైషిలో నీరు కట్ట దాటుతోంది. ఏడోది, 3:30, అంచనా 10 మీటర్లకు పైన.

ఒక్కో కార్డు తిప్పినప్పుడు ప్రతి ఒక్కరూ "ఉంటాను" లేదా "వెళ్తాను" అని కాగితం మీద రాయాలి, మాట్లాడకుండా. చేతులెత్తమంటే పక్కవాడిని చూసి ఎత్తుతారు. చివర లెక్కపెట్టండి. సగంమంది నాలుగో కార్డు దగ్గర "ఉంటాను" అని రాస్తారు. అప్పుడు చెప్పండి: మొదటి అంచనా తక్కువ రావడానికి కారణం, తొలి నిమిషాల్లో భూకంప తీవ్రతను 7.9గా లెక్కించడం. అంత పెద్ద కంపనాన్ని మూడు నిమిషాల్లో సరిగ్గా కొలవడం కష్టం. అందుకే 2013 మార్చి నుంచి జపాన్ పద్ధతి మార్చింది. కంపనం అతి పెద్దదై తీవ్రత తేలనప్పుడు మీటర్లు చెప్పకుండా "భారీ" అన్న ఒక్క మాటతో మొదటి హెచ్చరిక ఇస్తుంది. అంకె వింటే జనం దాన్ని గోడ ఎత్తుతో పోల్చుకుని కూర్చుంటారు. "భారీ" వింటే లేస్తారు.

ఎత్తు అర్థం కావడానికి బొమ్మలకంటే రిబ్బను మేలు. నీలం రిబ్బను, కొలత టేపు తీసుకుని బడి గోడ మీద 30 సెంటీమీటర్లు, 1 మీటరు, 3 మీటర్ల దగ్గర కట్టండి. పరుగెత్తే నీరైతే 30 సెంటీమీటర్లకే నిలబడటం కష్టమని చెప్పి, ఒక పిల్లవాడిని ఆ రిబ్బను పక్కన నిలబెట్టండి. మోకాలు దాటదు. 3 మీటర్ల రిబ్బను కట్టడానికి నిచ్చెన కావాలి. ఆ పని టీచరు చేయాలి, పిల్లలు కాదు.

నడిచి చూడటం

పాఠం ఎంత బాగా చెప్పినా, నడవకపోతే సగమే. వారంలోపు నడిపించండి, చల్లారిపోకముందే.

పటం మీద బడినుంచి రెండు చోట్లు ఎంచండి, ఒకటి దగ్గరిది, ఒకటి దానికంటే ఎత్తయినది. ఉనొసుమయి పిల్లలను కాపాడింది రెండో చోటు ఉండటమే. ఫోను చూపే ఎత్తును నమ్మవద్దు, అది ఎన్నో మీటర్లు తప్పుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పటంలోని ఎత్తులు చూడండి, లేదా ఇరిగేషన్ ఇంజనీరును అడగండి.

జపాన్‌లో తప్పించుకునే ప్రణాళికలకు నడక వేగాన్ని సెకనుకు 1 మీటరుగా, నడవడం కష్టమైనవాళ్ళకు సెకనుకు అర మీటరుగా తీసుకుంటారు. అంటే 600 మీటర్ల దూరం 10 నిమిషాలు. అవ్వలకు, తాతలకు 20. బయలుదేరడానికి పట్టే సమయం దీనికి కలపాలి, కనీసం 5 నిమిషాలు. స్టాప్‌వాచ్ మొదటి పిల్లవాడు చేరినప్పుడు ఆపితే లెక్క తప్పు. చివరివాడు చేరినప్పుడు ఆపాలి.

దారిలో నలుగురు నాలుగు పనులు చూడాలి. ఒకరు సమయం. ఒకరు గోడలు, కరెంటు స్తంభాలు, కంపనానికి పడిపోయేవి. ఒకరు వంతెనలు, కాలువలు, ఎందుకంటే నీరు మొదట వచ్చేది వాటిలోంచే. ఒకావాలో నదే నీటిని మోసుకొచ్చింది. ఇంకొకరు గేట్లు, తాళాలు. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక నడవండి. చీకట్లో నడిచినప్పుడే వీధి దీపం లేని మలుపు బయటపడుతుంది.

మనకు సరిపోనివి

ఇక్కడే చాలా బృందాలు పొరబడతాయి. జపాన్ పాఠాన్ని ఉన్నదున్నట్టు దించేస్తాయి.

సన్‌రికు తీరంలో సూత్రం, "గట్టిగా ఊగితే పరుగెత్తు". మన తీరానికి అది సరిపోదు. మనకు ముప్పు ప్రధానంగా అండమాన్-సుమత్రా వైపు నుంచి. 2004లో అక్కడ కంపించింది మన గడియారంలో ఉదయం దాదాపు 6:29కి. అలలు ఆంధ్ర తీరం చేరింది తొమ్మిది ప్రాంతంలో. ఇక్కడ కంపనం తెలిసినా స్వల్పమే, చాలామందికి అసలు తెలియదు. అంటే మనకు ఊపు హెచ్చరిక కాదు. సముద్రం ఆటు వేళ కాకుండా హఠాత్తుగా వెనక్కి పోవడం, వింత హోరు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నుంచి వచ్చే హెచ్చరిక, ఇవీ మనకు గుర్తులు. సముద్రం వెనక్కి పోకుండా నేరుగా పొంగడం కూడా ఉంటుంది, కాబట్టి వెనక్కి పోలేదు కదా అని ఆగవద్దు. 2004లో ఈ వ్యవస్థ లేదు. ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. ఆ కేంద్రం వాడే మూడు మాటలు పిల్లలకు నేర్పండి. "వార్నింగ్" అంటే తీరం ఖాళీ చేసి లోపలికి వెళ్ళాలి. "అలర్ట్" అంటే బీచి, పల్లపు చోట్లు వదలాలి. "వాచ్" అంటే వెంటనే కదలక్కర్లేదు, తర్వాతి సమాచారం కోసం చూడాలి.

రెండోది నేల. సన్‌రికులో కొండలు సముద్రాన్ని ఆనుకుని ఉంటాయి. విశాఖ, భీమిలి వైపు అలాంటి నేల ఉంది, అక్కడ కమైషి కథ సరిపోతుంది. కోనసీమ, దివిసీమ చదును. అక్కడివాళ్ళకు "కొండెక్కండి" అంటే ఎటు ఎక్కాలి? వాళ్ళకు చెప్పాల్సింది అరహామా. అది కూడా చదును మైదానమే. బడి నాలుగంతస్తుల భవనం. పిల్లలు, టీచర్లు, ఊరివాళ్ళు కలిసి 320 మంది దాని మీదికి చేరి బతికారు. మన డెల్టాలో ఆ పని చేయగలిగినవి స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్లు, గట్టి కాంక్రీటు బడులు. అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. తాళం ఎవరి దగ్గర? ఆదివారం ఆయన ఊళ్ళో ఉంటారా? డాబా మీదికి మెట్లున్నాయా? ఎంతమంది పడతారు? 2004లో సునామీ వచ్చింది ఆదివారమేనని గుర్తు చేస్తే మొదటి ప్రశ్న బరువు తెలుస్తుంది.

వేటకు వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. లోతు నీళ్ళలో సునామీ పడవను కుదపదు. తీరానికి దగ్గరయ్యేకొద్దీ లేస్తుంది. సముద్రంలో ఉన్నవాళ్ళు హెచ్చరిక అందితే హార్బరుకు తిరిగి రాకూడదు, లోతుకే పోవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు బోటు కోసం, వల కోసం వెళ్ళకూడదు. ఇది కుర్రాళ్ళు చెబితే వినరు. ఊళ్ళో పెద్ద మత్స్యకారుడిని ముందే కలిసి, ఈ ముక్క ఆయన నోటితో చెప్పించండి.

ఇంకా ఒకటి, మొదటి అల తగ్గాక ఇంటికి పరుగెత్తడం. జపాన్‌లో మార్చి 11న ఇచ్చిన హెచ్చరికలు, సూచనలు పూర్తిగా ఎత్తేసింది మార్చి 13 సాయంత్రం. షెల్టరులో తాగునీరు, మందులు కొన్ని గంటలకు కాదు, కనీసం ఒక రాత్రికి సరిపడా ఉండాలి.

చర్చలో "వాళ్ళు జపాన్ వాళ్ళు కాబట్టి క్రమశిక్షణ ఉంది, మనవల్ల కాదు" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అప్పుడు ఒకావాను, ఉనొసుమయి కేంద్రాన్ని గుర్తు చేయండి. అక్కడా జనం ఆగారు, సందేహించారు, అలవాటైన తప్పు చోటికి వెళ్ళారు. బతికించింది దేశమో జాతో కాదు, ముందే నడిచి చూసుకున్న దారి.

పెద్దల జ్ఞాపకం, ఊళ్ళో గుర్తు

సభను ఒకవైపు ఉపన్యాసం చేయకండి. 1977లో పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. ఉప్పెన నీరు ఎక్కడిదాకా వచ్చింది, ఏ చెట్టు, ఏ గుడి అరుగు ఆపింది వాళ్ళకు తెలుసు. 2004లో నీరు ఎక్కడ ఆగిందో చూసినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఇద్దరు విద్యార్థులు, ఒక నోటుపుస్తకం, ఒక్కో ఇంట్లో అరగంట. వాళ్ళు చెప్పిన చోటికి వాళ్ళనే తీసుకెళ్ళి చూపించమనండి. ఇంట్లో కూర్చుని చెప్పే ఎత్తు పెరుగుతుంది, చోట నిలబడి చూపే ఎత్తు నిలుస్తుంది. ఉప్పెన గుర్తు, సునామీ గుర్తు వేర్వేరు రంగుల్లో పటం మీద పెట్టండి.

తర్వాత ఆ గుర్తు ఊళ్ళో కనిపించాలి. అనెయొషిలో 1933 సునామీ తర్వాత నిలిపిన రాయి మీద, ఇంతకంటే కింద ఇళ్ళు కట్టవద్దని చెక్కారు. ఆ ఊరివాళ్ళు దాని పైనే ఇళ్ళు కట్టుకున్నారు, 2011లో నీరు ఆ రాయికి కిందే ఆగింది. ఒనగావాలో 2011 ఏప్రిల్‌లో మిడిల్ స్కూల్లో చేరిన పిల్లలు, తమ పట్టణంలోని 21 తీరపు వాడల్లో నీరు చేరిన చోటుకు పైన ఒక్కో రాయి నిలపాలనుకున్నారు. దాదాపు కోటి యెన్‌ల విరాళం కూడబెట్టారు. మొదటి రాయి 2013లో, చివరి రాయి 2021లో లేచాయి. అప్పటికి వాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. మీ బృందానికి చూపించాల్సిన అసలు ఫొటో ఇది.

రాయి పెట్టే శక్తి మీకు లేకపోతే, పంచాయతీ అనుమతితో కరెంటు స్తంభాలకు కాకుండా గట్టి గోడలకు నీలం గీత, బాణం, "షెల్టరుకు 400 మీటర్లు, 7 నిమిషాలు" అన్న అక్షరాలు చాలు. నిమిషాలు రాయడం మరవకండి. దూరం చదివినవాడు ఆలోచిస్తాడు, నిమిషాలు చదివినవాడు కదులుతాడు. ఎనామిల్ రంగు వాడండి, సున్నం మొదటి వానకే పోతుంది. ఉప్పుగాలికి ఎనామిల్ కూడా రెండు మూడేళ్ళకు వెలుస్తుంది, కాబట్టి మళ్ళీ వేసే బాధ్యత ఏ తరగతిదో రిజిస్టర్‌లో రాయించండి. నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఏటా ఆ రోజు తొమ్మిదో తరగతి ఎనిమిదో తరగతిని అదే దారిలో నడిపించి, కార్డులు, పటం, స్టాప్‌వాచ్ వాళ్ళ చేతికి అప్పగించాలి.

చివరి పని, మిమ్మల్ని ఆదరించిన ఊరికి ఒక పేజీ పంపడం. "మీ ఊళ్ళో విన్నది మా ఊళ్ళో ఇంతమందికి చెప్పాం, దారి నడిచాం, చివరి మనిషి చేరడానికి ఇన్ని నిమిషాలు పట్టింది, ఈ తాళం సంగతి తేలింది" అని. కృతజ్ఞతలు రెండు వాక్యాలు చాలు, మిగతాది ఆ లెక్కలకే ఉంచండి. గీత గీసిన గోడ ఫొటో ఒకటి జతచేసి, జపనీస్ తెలిసిన ఎవరితోనైనా ఒక్కసారి సరిచూపించి పంపండి.